దించిన కమాన్లు

కర్నూలు,
22-5-1955.

మామకు,

మా కోడుమూరు సంఘం మోటారును అవిటిదాన్ని చేశారు. చేసినవాడు బయటివాడు కాదు. మా అమ్మకు తోడబుట్టినవాడు, కడపలో షెడ్డు పెట్టుకొని పెద్ద మిస్త్రీ అనిపించుకుంటున్న పెద్ద ఈరన్న. అంటే నువ్వే. చుట్టరికం ఉంది కదా అని చేదు మాటను బెల్లంలో పెట్టి ఇవ్వడం నాకు చేతకాదు.

కిందటి నెలలో మా డ్రైవరు దావీదురాజు నీ షెడ్డుకు బండి తోలుకొచ్చినప్పుడు అది నాలుగు చక్రాల మీద సమంగా నిలబడే బండి. ఎత్తు ఎక్కువన్నదొక్కటే దాని మీద ఫిర్యాదు. మిలిటరీవాళ్ల వేలంలో కొన్న బండి గనుక కొండలెక్కడానికి చేసినట్టు ఉండేది. వెనక తలుపు గుండా ఎక్కాలంటే ముసలివాళ్లూ, నెలలు నిండిన ఆడవాళ్లూ కాలు ఎత్తలేక అవస్థ పడేవారు. అందుకని చక్రాల మీద బండి బరువు మోసే ఇనుప కమాన్లలో కొన్ని పట్టీలు తీసేసి బండిని కిందికి దించాలని కమిటీ తీర్మానించింది. 'వృద్ధులకు, గర్భిణులకు సౌకర్యార్థము' అన్న మాటలు నావే. ఇక్కడ ప్రెస్సులో అచ్చులు కూర్చే పని చేస్తూనే ఆ తీర్మానం రాసి మా నాయనకు పంపాను. ప్రెసిడెంటు గనుక ఆయన సంతకం పెట్టాడు. పని నీకిచ్చాం. సొంతవాడివని ఇచ్చాం.

ఇప్పుడు ఆ బండి ఎడమ పక్కకు ఒరిగింది. మొన్న పెద్దాసుపత్రి గేటు దగ్గర నా కళ్లతో చూశాను. రెక్క విరిగిన కొంగ నిలబడినట్టు నిలబడి ఉంది. ఎడమ వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకొని రబ్బరు కాలిన వాసన వస్తోంది. గేటుకాడి జవాను నన్ను పిలిచి, "ఏమప్పా, మీ బండికి గూడా చీటీ రాయించి లోపల పండుకోబెట్టల్లా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో మన కోడుమూరువాళ్లూ ఉన్నారు.

ఈ బండి ఏమిటో నీకు మళ్లీ చెప్పాలా? ఇంటికొక శెనక్కాయల మూట పోసి కొన్నది. కోడుమూరు చుట్టుపట్ల ఊళ్లనుంచి మనిషిని ప్రాణంతో కర్నూలు ఆసుపత్రికి చేర్చే బండి ఇదొక్కటే. జూన్ ఇరవయ్యేడున బ్రేకు ఇన్‌స్పెక్టరు దీన్ని చూస్తాడు. ఒరిగిన బండిని ఆయన పాసు చెయ్యడు. పాసు కాకపోతే ఆ దారి పర్మిటు బస్సుల యజమానికి పోతుంది. ఆయన బస్సు నొప్పులు పడే ఆడమనిషి కోసం చెట్టుకింద ఆగదు.

నాకు తెలిసింది ఇది. ఎడమ కమానులో పాత పట్టీలు, కుడి కమానులో మంచివి వేశావు. ఆ యజమాని బస్సులు బాగుచేసేది నీ షెడ్డులోనే అన్న సంగతీ నాకు తెలుసు. కష్టజీవుల సొత్తును కష్టజీవే పాడుచేస్తే ఆ నేరం రెండింతలు అని నేను చదివిన ఒక చిన్న పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం నీకు పంపుదామనుకొని మానుకున్నాను. స్టాంపు దండగ.

కారణం రాయి. సాకు రాయొద్దు.

సంగతి తేలేదాకా మేనల్లుణ్ణి కాను, కార్యదర్శిని మాత్రమే,
ఉరుకుందు


కడప,
28-5-55.

మహారాజశ్రీ కార్యదర్శి ఉరుకుందయ్య గారి సముఖానికి షెడ్డు ఈరన్న చేతులు కట్టుకొని రాసుకునేది.

తమరి జాబు అందింది. మీ అత్తకు చదివి వినిపించినా. "వీనికి చీమిడి ముక్కు తుడిచింది నేను" అనింది. 

ఈడ ఎండ ఎట్లుండాదంటే రెంచీ పట్టుకుంటే చెయ్యి అంటుకుంటాది. మంగంపేట నుంచి ముగ్గురాయి లారీలు దినామూ నడుములు ఇరగ్గొట్టుకొని నా వాకిట్లోకే వస్తాయి. వాటి కింద దూరి వీపు కాల్చుకుంటా ఉంటే తమరి తీర్పు వచ్చింది. విచారణ లేదు, సాక్షి లేదు, నేరుగా ఉరికొయ్య. తమరు చదివిన పుస్తకంలో మిస్త్రీని అడిగి కనుక్కోమని యాడా లేదేమో.

పాత పట్టీలు, కొత్త పట్టీలు అని రాసినావు. రెండు పక్కలా ఒకే మాదిరి పట్టీలు తీసినా. ఒకే మాదిరి వంపు కొట్టినా. బండిని బండపరుపు మీద నిలబెట్టి, ముందరొకసారి వెనకొకసారి దారం పట్టి మట్టం చూసినా. చూసిన తర్వాతనే తాళంచెవి ఇచ్చినా. నా షెడ్డులో నుంచి సమంగా పోయింది.

అయితే ఒక మాట. పట్టీలు తీస్తే కమాను మెత్తబడతాది. మెత్తటి కమాను మీద బరువు రెండు పక్కలా సరిగ్గా పడల్ల. ఒక పక్కనే పడతా ఉంటే ఆ పక్క కుంగుతాది. కుంగి కుంగి ఇంక లేయకుండా అట్లే ఉండిపోతాది. మీ నాయనకు చెప్పమని దావీదుతో ఈ మాట చెప్పి పంపినా. ఖాళీ బండి తనంతట తాను ఒరగదు, అల్లుడా. మీ బండిలో ఎవరు ఏ పక్క కూర్చుంటాండారో ఒకసారైనా చూసినావా? తర్వాత ఏం జరిగిందో తోలేవాణ్ణి అడుగు.

ఇంక బస్సుల ఆయన సంగతి. ఆయన బస్సులు నా దగ్గరికి వస్తాయి, నిజమే. వైద్యుని ఇంటికి పగవాడు గూడా వస్తాడు. దానికి వైద్యుడు విషం పెట్టినాడని ఎవురూ అనరు, నీలాంటోడు తప్ప.

మీ రాజధానిలో దొరల కచేరీలన్నీ డేరాల్లో నడుస్తాండాయంట గదా. డేరా కొయ్య ఒరిగితే గూడా నా మీదకే రాస్తావేమో అని భయంగా ఉండాది.

మీ అమ్మను అడిగినానని చెప్పు. కండ్లు మసకలంటా ఉన్నింది, చూపించుకునిందా?

చీమిడి ముక్కు నాటినుంచి నీ మామనే,
పెద్ద ఈరన్న


కర్నూలు,
4-6-1955.

మామకు,

నీ జాబులో వెటకారం సగం, సాకు సగం. సంగతి ఒక్క వాక్యమే ఉంది: తోలేవాణ్ణి అడుగు. ఆ వాక్యం ఎందుకు రాశావో మాకు అర్థమైంది.

నీ జాబును అట్లాగే నాయనకు పంపాను. ఆయన దాన్ని కమిటీలో చదివి వినిపించాడు. బండి షెడ్డునుంచి సమంగా పోయిందని మిస్త్రీ రాసిస్తున్నాడు, ఆ తర్వాత చెడిందంటే తోలేవాడి చేతిలోనే చెడింది, గుంతలు చూడకుండా తోలాడు అని అందరూ ఒక్క మాట అన్నారట. దావీదురాజును ఈ నెలాఖరుతో మాన్పించాలని తీర్మానం చేశారు. కార్యదర్శి సంతకం కోసం నాకు పంపారు. మూడేళ్లుగా నమ్మకంగా తోలినవాడు గనుక మనసు ఒప్పలేదు. అయినా ప్రజల సొత్తు దగ్గర మనసుకు చోటు లేదు. సంతకం పెట్టి పంపాను. నీ తప్పు కాదని తేలింది గనుక నీ మీద మోపిన నేరం సగం వెనక్కు తీసుకుంటున్నాను. మిగతా సగం ఎందుకు ఉంచుకున్నానంటే, డ్రైవరు పనితనం బాగాలేదని నీకు మొదటే తెలిసి ఉండి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు.

ఎవరు ఏ పక్క కూర్చుంటున్నారో చూశావా అని అడిగావు. ఆ వెక్కిరింత నాకు నచ్చలేదు. ప్రాణాల మీదికి వచ్చి ఎక్కినవాణ్ణి నువ్వు లావు, నువ్వు సన్నం అని తూచి కూర్చోబెట్టడానికి మాది కట్టెల అడితి కాదు. వెనక రెండు బల్లలు ఎదురెదురుగా ఉన్నాయి. ఎవరికి ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటారు.

ఈ నెల ఒకటో తేదీనుంచి అంటరానితనం పాటించడం నేరమని దేశమంతటా చట్టం అమలుకొచ్చింది. నీ షెడ్డులోకి ఆ వార్త వచ్చిందో లేదో. మేము చట్టంకోసం కాచుకొని కూర్చోలేదు. బండి కొన్ననాడే వెనక తలుపు మీద 'ఈ బండిలో అందరూ సమానమే' అని ఎర్రరంగుతో రాయించాం. ఆ వాక్యమూ నాదే. ఆ తలుపు ఇప్పుడు ఒక మూల నేలవైపు వంగి ఉంటే నా కడుపు మండుతుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఆ ఎడమ కమాను ఎట్లా లేపాలో రాయి. కొత్త డ్రైవరు దొరికేదాకా దావీదురాజే తోలుతున్నాడు. వాడితోనే పంపుతాం.

అమ్మకు కళ్లు అట్లాగే ఉన్నాయి. వచ్చే వారం ఆసుపత్రికి వస్తానంది.

ఉరుకుందు


కడప,
9-6-55.

ఒరే ఉరుకుందూ,

ఈ పొద్దు వెటకారం లేదు. చేతిలో పనులన్నీ పక్కన పారేసి రాస్తాండా.

తోలేవాణ్ణి అడుగు అంటే వాని పని పీకమని కాదు. వాడు నిజం చెప్తాడు, విను అని. నా మాటను కత్తి చేసి వాని గొంతు మీద పెట్టినారు. నువ్వు దానికి పిడి తొడిగినావు. ఆ జాబులో నా పేరుండాది. రేపు దావీదు నా మొగం మీద ఊంచినా నేను తుడుచుకొని ఊరుకోవల్ల.

మీరు బండిని ఎందుకు దించమన్నారో నీకు తెలీదా? నాకు నిజంగానే అర్థం కాలేదు. తెలిసే ఆ సౌకర్యార్థము మాట రాసినావనుకున్యా. తెలిసే రాసి, మళ్లీ నాకు నీతులు చెప్తాండావని ఇన్ని దినాలూ నీ మీద మంటగా ఉండాది. తెలీకనే రాసింటే నీ అంత దద్దమ్మ జిల్లాలో లేడు.

విను. దావీదు బండి తెచ్చిన పొద్దు నేనే అడిగినా, "ఎందుకప్పా దించమంటాండారు? మన రోడ్లకు ఎత్తుంటేనే మంచిది గదా" అని.

"ఎక్కేటప్పుడు చెయ్యి ఇయ్యాల్సి వస్తాండాది, మిస్త్రీ."

"ఇస్తే ఏం, అరిగిపోతాదా?"

"ఇచ్చేది నా చెయ్యి గదా" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. ఇంత పొగాకు నలిపి నోట్లో ఏసుకున్నాడు.

మీ ఊర్లో రామలక్ష్మమ్మ, ఆ పెద్దింటి ఆమె, కుంభంలాగుంటాది చూడు, ఆమె బండి ఎక్కబోతే కాలు అందలేదంట. దావీదు పైనుంచి చెయ్యి చాపినాడు. మాలగేరివాని చెయ్యి తాకకుండా వెనక్కి జరిగింది. జరిగి కింద పడింది. మోకాలు చీరుకునింది. మర్నాడు మీ కమిటీ కూడింది. పెద్దాయమ్మలు పడిపోతాండారు, బండి దించల్ల అని ఎత్తుకున్నది ఎవురనుకున్యావు? మీ నాయన, మా బావ శేషన్న. ఆ చెయ్యి పట్టుకోండమ్మా, అరగదు అని చెప్పడానికి ఒక్కనికీ నోరు రాలేదు. ఇనుముకు చెప్పినారు, నువ్వు దిగు అని. ఇనుము మాట వింటాది. దిగింది.

ఆమెను పడేసింది ఎత్తు కాదురా.

మిగిలింది నేను చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. నువ్వు కర్నూల్లో కూర్చొని బండి దిగేవాళ్లను చూస్తాండావు. ఎక్కేవాళ్లను చూడు. కోడుమూరికి పోయి, పొద్దున పూట అందరితో పాటు ఎక్కి రా. ముగ్గురాయికి యాడ పోస్తే ఆడ పడుండడం తెలుసు, అందుకే లారీ రెండు పక్కలా ఒకే తీరుగ కుంగుతాది. మనుషులు ఎట్ల కూర్చుంటారో నీ కండ్లతో చూసి, తర్వాత కమాను ఎందుకు కుంగిందో నువ్వే నాకు రాయి.

ఈరన్న


కర్నూలు,
15-6-1955.

మామకు,

చూశాను.

ఆదివారం సాయంత్రం కోడుమూరు పోయి, సోమవారం పొద్దున బండి ఎక్కాను. కళ్లు చూపించుకోవడానికి అమ్మ కూడా ఎక్కింది. ఆమె నేరుగా పోయి కుడి బల్ల మీద కూర్చుంది. పక్కన సంచి పెట్టుకుంది. ఆ సంచి పక్కన రెడ్డిగారి గుమాస్తా, ఆయన పక్కన ఆయన గొడుగు. అంతే. కుడి బల్ల నిండిపోయింది.

ఎడమ బల్ల మీద మాలగేరివాళ్లూ మాదిగగేరివాళ్లూ కోడిపిల్లల గంపలాగా కుక్కుకొని ఉన్నారు. కూర్చున్నవాళ్ల ఒళ్లో పిల్లలు, వాళ్ల కాళ్ల సందున కింద మాలగేరి ఏసురాజు పెండ్లాము. నిండు చూలాలు. రెండు చేతులా కడుపు పట్టుకొని రేకు మీద కూర్చుంది. "అమ్మా, ఈ బల్ల మీదికి రా, చోటుంది" అన్నాను.

"వద్దులే అయ్యా. ఈడనే సల్లగుండాది" అంది.

గుమాస్తా బయటికి చూస్తున్నాడు. నేను అమ్మను అడిగాను, "ఎవరు చెప్పారు ఇట్లా కూర్చోమని?"

"ఎవురూ చెప్పలేదు నాయనా. ఎవురికి తెలీదు?" అంది అమ్మ. "బండి కదుల్తాండాది, నిలబడొద్దు, పడతావు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి పోయి ఎడమ బల్ల చివర, వాళ్ల పక్కన ఇరుక్కొని కూర్చున్నాను. గొప్ప పని చేశాననే అనుకున్నాను. ఊరి పొలిమేర దాటకముందే కింద టైరు కీచుమంది. దావీదురాజు బండి ఆపి వెనక్కి తిరిగి, "ఉరుకుందప్పా, నీకు దండం పెడతా, ఆ పక్క కూర్చోవద్దు. టైరు పేలుతాది" అన్నాడు. నేను లేచి వచ్చి మళ్లీ అమ్మ పక్కనే కూర్చోవలసి వచ్చింది. ఎడమ బల్ల మీద ఎవరో ముసలాయన నోటికి తుండు అడ్డం పెట్టుకొని నవ్వాడు. నవ్వనీ.

దించకముందు కూడా ఇట్లాగే కూర్చునేవాళ్లట. ఎత్తు కమాను గట్టిది గనుక ఆ బరువును మోసి దాచిపెట్టింది. దించిన కమాను మెత్తనిది, దాచలేకపోయింది. కమాను ఎందుకు కుంగిందో రాయమన్నావు గనుక రాస్తున్నాను.

తిరిగి కోడుమూరు పోయి నాయనతో పోట్లాడాను. దావీదురాజును మాన్పించే కాగితం మీద నా సంతకం కొట్టేశాను. చేసిన సంతకం కొట్టెయ్యడానికి వీల్లేదన్నారు. వీలుందో లేదో కొట్టేసి చూపించాను. ఎవరు ఎక్కడైనా కూర్చోవాలి, బల్లలు కలిపెయ్యాలి అన్నాను. నాయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లగా అన్నాడు: "కలిపితే ఊరోళ్లు ఎక్కరు. ఊరోళ్లు ఎక్కకపోతే బండి నడవదు. బండి నడవకపోతే ఆ ఏసురాజు పెండ్లాము ఎద్దులబండిలో పోయి దోవలోనే చస్తాది. బండి నడవల్నా, నీ రాత నడవల్నా, చెప్పు."

 దానికి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ కోపం కూడా ఉంది, కాబట్టి ఇప్పుడు నీ వంతు.

దావీదురాజును క్షమించమని అడిగాను.  అతను నీ సంగతి ఎత్తాడు. రెండు దినాలు నీ షెడ్డులో ఉన్నాడట. నీ పనివాళ్లకు లోపల కంచాలు. అతనికి గోడ బయట, ఆకులో. దప్పికని అడిగితే అత్త చెంబు ఎత్తి పట్టుకొని పోసిందట, అతను దోసిలి పట్టి తాగాడట. నువ్వు అక్కడే బీడీ తాగుతూ ఉన్నావట. "మీ మామ మంచోడే. పైనుంచి పోసినా సల్లటి నీళ్లే పోపించినాడు" అన్నాడు, నిన్ను మెచ్చుకుంటూ.

ఆ చెయ్యి అరిగిపోతుందా అని అడిగినవాడివి నువ్వే కదా, మామా. నీ చెంబు అరిగిపోతుందా?

మా నాయనను ఎంత అసహ్యించుకున్నానో నిన్నూ అంతే. నన్ను వదిలిపెట్టానని అనుకోవద్దు.

ఉరుకుందు


కడప,
20-6-55.

ఉరుకుందుకు,

చెంబు సంగతి నిజమే. మీ అత్త పోసింది, నేను చూసినా. తప్పని నాకు తోచలేదు. ఆ పొద్దు తోచలేదు. నీ జాబు చూసినంక తోచి రెండు దినాలు అన్నం సహించలేదు. దానికి నిన్ను తిట్టుకుంటాండా. మీ అత్తకు చదివి వినిపించలేదు.

ఇంతకన్నా రాయలేను. కమాను సంగతి రాస్తా, అది నాకు చేతనవును.

మీ నాయన నాకు వేరేగా జాబు రాసినాడు. ఎడమ కమానులో రెండు పట్టీలు ఎక్కువ వెయ్యమన్నాడు. ఎడమ పక్క గట్టిపడతాది, కుడి పక్క ఉన్నట్టే ఉంటాది. అప్పుడు మీవాళ్లు ఎట్ల కూర్చున్నా బండి సమంగా నిలబడతాది. బరువుతో నిలబెట్టి చూపించినారంటే ఇన్‌స్పెక్టరు దారం పట్టినా దొరకదు. చెయ్యొచ్చు. బస్సుల్లో సామాన్లు ఒక పక్క వేసుకునేవాళ్లకు ఇట్లాంటివి చేసినా. పనికి పని, పర్మిటుకు పర్మిటు, ఊర్లో గలాటా ఉండదు. దావీదు గూడా ఉంటాడు, ఎందుకంటే బండి బాగైతే వాని మీద తప్పుండదు. మా బావ తెలివిగల్లోడే.

నేను మిస్త్రీని. చెడింది బాగుచెయ్యడం నా పని, జనాన్ని బాగుచెయ్యడం కాదు. శనివారం పొద్దునకు పట్టీలు తీసుకొని కోడుమూరు వస్తా అని మాట ఇచ్చినా. కానీ కార్యదర్శివి నువ్వు. నీ మాట గూడా రానీ అని ఆగినా. వద్దంటే వద్దని రాయి. వద్దంటే మాత్రం బండి ఎట్ల నిలబడతాదో, దాంట్లో ఎవురు ఎక్కుతారో నువ్వే చెప్పల్ల. మీ నాయన అడిగిందానికి నా దగ్గర గూడా జవాబు లేదు.

ఈరన్న


కర్నూలు,
22-6-1955.

మామకు,

వద్దు.

ఎడమ పక్క రెండు పట్టీలు ఎక్కువ వేస్తే బండి సమంగానే నిలబడుతుంది. ఏసురాజు పెండ్లాము రేకు మీద కూర్చున్నంతసేపూ సమంగా ఉంటుంది. ఆమె లేచి కుడి బల్ల మీద కూర్చున్ననాడు అదే బండి కుడికి ఒరుగుతుంది. అప్పుడు అందరూ ఏమంటారో నీకు తెలుసు. చూసినారా, వీళ్లు ఈ పక్కకు వస్తే బండే ఒప్పుకోవడం లేదు అంటారు. ఆ మాట ఇనుముతో అనిపించడానికి నేను సంతకం పెట్టను.

నువ్వు తెచ్చే పట్టీలు రెండు పక్కలా వెయ్యి. కుంగిన ఎడమ పట్టీలను కొలిమిలో పెట్టి మళ్లీ వంపు కొట్టు. బండిని మిలిటరీవాళ్లు చేసినంత ఎత్తుకు లేపు. పట్టుకోకుండా ఎవరూ ఎక్కలేనంత ఎత్తుకు లేపు. సోమవారం ఇన్‌స్పెక్టరు చూసేది ఆ బండినే. ఎత్తు ఎక్కువైందని ఆయన బండిని ఆపడు. మన ఊరివాళ్లు ఆపితే ఆపుతారు.

నాయన అడిగినదానికి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. ఊరివాళ్లు ఎక్కకపోతే బండి నడవదన్నది నిజం కావచ్చు. ఎక్కుతారో లేదో ఇంతవరకూ ఎవరూ అడిగి చూడలేదన్నది కూడా నిజమే. అడగకముందే ఇనుమును దించారు. నేను అడుగుతాను. ఎవరూ ఎక్కకపోతే ఆ పాపం నా నెత్తిన పెట్టండి, దావీదురాజు నెత్తిన కాదు.

ఆదివారం అందరూ బండి ఎక్కాలని ప్రెస్సులో కరపత్రం అచ్చువేశాను. కాగితం నా జీతంలో పట్టుకోమన్నాను. తప్పు ఎవరు చేశారో పేర్లతో రాశాను. తీర్మానం తెచ్చిన మా నాయన శేషన్న పేరు ముందుంది. అందమైన మాటలు అతికించి ఇచ్చిన కార్యదర్శి ఉరుకుందు పేరు దాని కిందనే ఉంది. నీ పేరు వెయ్యలేదు. భయపడి కాదు. నీకు ఇంకా ఒక అవకాశం ఉంది గనుక.

మందుకని ఆసుపత్రికి వచ్చిన అమ్మకు కూడా ఒకటి చదివి వినిపించాను. "ఇది ఎవురు ఎక్కుతారు నాయనా" అంది. మళ్లీ తనే, "ఆ పొద్దు ఆసుపత్రిలో కండ్లకు మందు వేయించుకునేది ఉండాదే" అంది. అది వస్తానన్నమాటో రానన్నమాటో నాకు తెలియదు.

శనివారమంతా నీ పని. దావీదురాజు నీకు సాయం పడతాడు. దప్పికైతే ఇద్దరూ ఒకే చెంబుతో తాగండి. తాగితే సంతోషం. తాగలేకపోతే ఇద్దరూ దప్పికతోనే పని చెయ్యండి.

ఆదివారం బండి ముందు నేను ఒక్కటే మాట చెబుతాను. ఎవరు ముందు ఎక్కితే వాళ్లు ముందు చోట కూర్చుంటారు, బల్లకు పేరు లేదు. దావీదురాజు పైన నిలబడి చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి పట్టుకున్నవాడు పైకి వస్తాడు, పట్టుకోనివాడు కింద ఉంటాడు. మొదట ఎక్కమని నేను నాయనను పిలవను. ఆయన ఎక్కడు. రామలక్ష్మమ్మను పిలవను. గేరివాళ్లనూ ముందు పిలవను, వాళ్లు మొదట ఎక్కితే మిగతావాళ్లకు ఎక్కకపోవడానికి సాకు దొరుకుతుంది. ఊరంతా చూస్తుండగా నిన్ను పిలుస్తాను, పెద్ద ఈరన్న మిస్త్రీని, శేషన్న బావమరిదిని. నువ్వు చెయ్యి పట్టుకొని ఎక్కితే నీ వెనక ఒక్కడైనా వస్తాడు. నువ్వు వెనక్కి జరిగితే మాత్రం ఈ బండి కథ అక్కడితో సరి. దాన్ని ఒరిగిపోనీ, పర్మిటు పోనీ.

కరపత్రం చివర ఇట్లా వేశాను: వచ్చేవాళ్లు రండి, కోపంతో వచ్చేవాళ్లూ రండి. జూన్ ఇరవయ్యారు, ఆదివారం. కోడుమూరు చావిడి ముందు, పొద్దున ఏడు గంటలకు. బండి ఏడున్నరకు కదులుతుంది, ఎవరు ఎక్కినా, ఎక్కకపోయినా.

ఉరుకుందు